హెంప్ నార పంట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రసాయనాలు వాడకుండా ఆరుబయట హెంప్ పండించడంపై కొన్ని నెలలుగా వచ్చిన ఉత్తరాలన్నిటినీ కలిపి ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క పంటకే కేటాయించాను. ఒకే సందేహం నాలుగైదు ఉత్తరాలలో కనిపించిన చోట వాటిని ఒక ప్రశ్నగా కుదించాను. ఇక్కడ చెప్పేదంతా నార కోసం, గింజ కోసం అనుమతితో వేసే పంట గురించేనని ముందుగా మనవి చేస్తున్నాను.

ప్రశ్న: జనుము, జనపనార, గోగునార, హెంప్ అన్నీ ఒకటేనా? హెంప్ అంటే గంజాయే అని కొందరు, కాదని కొందరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: మొదటి మూడూ వేరు వేరు మొక్కలు, హెంప్ నాలుగోది. జనుము చిక్కుడు కుటుంబానికి చెందిన పైరు. నారతో పాటు పచ్చిరొట్టగా కూడా పనికి వస్తుంది. జనపనార అంటే జూట్. గోగు మందార కుటుంబానిది, గోంగూరకు దగ్గరి చుట్టం. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. వేళ్లలా చీలిన దాని ఆకు గంజాయి ఆకును పోలి ఉండడం వల్లే ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషులో జనుమునూ, గోగునూ కూడా ఏదో ఒక రకం హెంప్ అని పిలిచే అలవాటు ఉంది కాబట్టి అనువాదాలు చదివేవారు తికమక పడడం సహజమే.

అసలు హెంప్ మాత్రం గంజాయి జాతి మొక్కే. 1753లో లిన్నేయస్ కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టింది ఈ మొక్కకే. తేడా జాతిలో లేదు, రకంలో ఉంది. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం అతి తక్కువగా ఉండేలా తరతరాలుగా ఎంపిక చేసిన రకాలను హెంప్ అంటున్నాం. అమెరికా 2018 నాటి వ్యవసాయ చట్టంలో దీనికి పెట్టిన హద్దు పొడి బరువులో 0.3 శాతం, ఐరోపా సమాఖ్య కూడా 2023 నుంచి తన హద్దును 0.2 నుంచి 0.3 శాతానికి మార్చింది. మాదకద్రవ్యాలపై 1961లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 28వ అధికరణంలో నార, గింజల కోసం చేసే సాగును తన పరిధి నుంచి మినహాయించింది. అంతమాత్రాన ఎవరైనా ఎక్కడైనా విత్తుకోవచ్చని అర్థం కాదు. ఏ దేశానికి ఆ దేశం లైసెన్సు నిబంధనలు పెట్టుకుంది. భారతదేశంలోనైతే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించిన చోట, అనుమతించిన షరతుల మీదే సాగు చేయాలి. కాగితం చేతికి రాకముందే నేల దున్నించవద్దని ఉత్తరం రాసిన ప్రతి ఒక్కరికీ చెబుతూనే ఉన్నాను.

ప్రశ్న: అనుమతి పొందిన ఒక సంస్థ తరఫున చలిదేశపు విత్తనం తెప్పించి వేశాం. మొలక బాగానే వచ్చింది. కానీ మోకాలి ఎత్తు కూడా రాకుండానే పూత పట్టి, అక్కడితో ఎదుగుదల ఆగిపోయింది. ఎరువు చాలలేదా? నీరు తక్కువైందా?

జవాబు: రెండూ కాదు. మీ పైరు ఆకలితోనో దాహంతోనో ఆగిపోలేదు. రాత్రి పొడవు చూసి, కాలం అయిపోతోందనుకుని పూతకు వచ్చింది. ఈ పంటలో అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసిన విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొక్కలు పగలూ రాత్రుల నిడివిని కొలుచుకుని పూస్తాయని గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా మొక్కలపై చేసిన పరిశోధనతో నిరూపించారు. ఆ తరువాత 1938లో హామ్నర్, బానర్ చేసిన ప్రయోగాలతో మరో సంగతి తేలింది: మొక్క నిజంగా కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. హెంప్ అలా పొడవైన రాత్రులు వచ్చినప్పుడు పూసే మొక్క. మొలిచిన తరువాత కొంతకాలం, అంటే దాని బాల్యదశలో, రాత్రి ఎంత పొడవున్నా పట్టించుకోదు. ఆ దశ దాటాక పగటి వెలుగు సుమారు 14 గంటల కంటే తగ్గితే పూత వైపు తిరుగుతుంది. ఆ హద్దు రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు మీ పొలం సంగతి చూడండి. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఎండాకాలం నడిమధ్యన పగలు 15 గంటలకు పైగా ఉంటుంది. భూమధ్యరేఖ నుంచి 15, 20 డిగ్రీల దూరంలో ఉన్న ప్రాంతాలలో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు కూడా 13 గంటలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. అంటే చలిదేశపు రకానికి అక్కడ ఏడాది పొడవునా పూతకాలమే. బాల్యదశ ముగిసిన మరుక్షణం పూస్తుంది, పూసిన మొక్క కాండాన్ని పెంచదు, కాండం లేనిదే నార లేదు. ఎంత పశువుల ఎరువు వేసినా ఈ లెక్క మారదు.

దీనికి మందు రకం ఎంపికలోనే ఉంది. తక్కువ పగటి నిడివిలో కూడా ఎక్కువ కాలం ఆకు, కాండం పెంచుకునే రకాలు ఉన్నాయి. దక్షిణ చైనాలోని యునాన్‌లో తయారైనవి ఆ కోవలోవే. ఇదే సూత్రాన్ని తిరగేసి చలిదేశాల రైతులు తమకు అనుకూలంగా మలచుకుంటారు. నార కావలసినవారు తమ ఊరికంటే భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతపు రకాన్ని వేస్తారు, ఎందుకంటే అది ఆలస్యంగా పూసి ఏపుగా ఎదుగుతుంది. గింజ పండడానికి మాత్రం దానికి సమయం చాలదు. గింజ కావలసినవారు త్వరగా పూసే రకం ఎంచుకుంటారు. కాబట్టి విత్తనం అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న దిగుబడి గురించి కాదు. ఆ రకం ఏ అక్షాంశం దగ్గర తయారైంది, అక్కడ విత్తిన ఎన్ని రోజులకు పూస్తుంది అని అడగండి.

విత్తే తేదీకీ ఇదే లెక్క వర్తిస్తుంది. పగళ్లు పెరుగుతున్న కాలంలో విత్తితే కాండానికి ఎక్కువ రోజులు దక్కుతాయి. ఉత్తరార్ధగోళపు చలి ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల్లో నేల వేడి 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ చేరాక విత్తుతారు; దక్షిణార్ధగోళంలో అదే పని అక్టోబరు, నవంబరులలో జరుగుతుంది. పక్షం రోజులు ఆలస్యమైతే ఆ పక్షం కాండంలోనే తరుగుతుంది, పూత తేదీ మాత్రం పెద్దగా జరగదు. పొలం గట్టున రాత్రంతా వెలిగే దీపం ఉంటే దాని కింది మొక్కలు మిగతా పొలం పూసినా పచ్చగానే నిలబడతాయి. అది తెగులేమో అని కంగారు పడకండి.

ప్రశ్న: రసాయన ఎరువు ఒక్క గింజ కూడా వేయకూడదనుకుంటున్నాం. ఈ పంటకు నత్రజని చాలా కావాలంటారు. సేంద్రియంగా సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, కానీ పని విత్తనం రోజున మొదలు కాదు, అంతకు ముందు పంటకాలంలో మొదలవుతుంది. హెంప్‌కు హెక్టారుకు దాదాపు 100 నుంచి 150 కిలోల నత్రజని అవసరమని సాధారణ అంచనా. బాగా మాగిన కంపోస్టులో బరువును బట్టి ఒక శాతం లోపే నత్రజని ఉంటుంది, అందులోనూ మొదటి ఏడాది మొక్కకు అందేది కొంత భాగమే. కేవలం కంపోస్టు మీదే ఆధారపడితే బండ్లకు బండ్లు తోలవలసి వస్తుంది. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: ముందు పంటగా ఒక పప్పుజాతి పైరునో, పచ్చిరొట్టనో వేయండి, కంపోస్టును దానికి తోడుగా వాడండి. పచ్చిరొట్టను పూత మొదలయ్యే సమయానికి కోసి నేలలో కలిపి, రెండు మూడు వారాలు ఆగి విత్తండి. ఆ గడువు ఇవ్వకపోతే కుళ్లుతున్న రొట్ట మీద బతికే సూక్ష్మజీవులు ఉన్న నత్రజనిని తామే పట్టుకుంటాయి, పైగా లేత మొలకలకు మొదలుకుళ్లు సోకుతుంది.

నత్రజని ఎక్కువైనా మంచిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. బలిసిన మొక్క చూడడానికి కళకళలాడుతుంది, కానీ కాండం లోపల గుల్లగా, నార ముతకగా తయారవుతుంది, ఒక పెద్దగాలికే పైరు పడిపోతుంది. పచ్చి పేడను నేరుగా తోలడం వల్ల ఈ అనర్థంతో పాటు కలుపు గింజలు కూడా పొలమంతా చల్లుకున్నట్లవుతుంది. మాగిన ఎరువును చేత్తో పట్టుకుంటే వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు. గుప్పిట బిగించి వదిలితే ముద్దగా నిలిచి, వేలితో తాకగానే పొడిగా రాలిపోవాలి.

పోషకాల కంటే నేల కట్టు నాకు ఎక్కువ ముఖ్యం. హెంప్ తల్లివేరు వదులైన నేలలో మీటరుకు పైగా దిగుతుంది. నేల గట్టిపడి ఉంటే అడుగు లోతులోనే ఆగి అడ్డంగా మలుపు తిరుగుతుంది. మొక్క మోచేతి ఎత్తు వచ్చాక నాలుగైదు చోట్ల పారతో పక్కగా తవ్వి, వేరు నిలువునా దిగిందో, ఎల్ అక్షరంలా వంగిందో చూడండి. వంగి ఉంటే ఆ ఏడాది చేయగలిగింది తక్కువ. వచ్చే ఏడాదికి తడినేల మీద ట్రాక్టరు తిప్పడం మానేసి, లోతు వేళ్ల పైరును ముందు వేయాలి. ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7.5 మధ్య ఉన్న, నీరు నిలవని మెరక నేల దీనికి నచ్చుతుంది. లేత దశలో రెండు మూడు రోజులు నీటిలో నిలబడితే ఆకులు పసుపు తిరిగి మొక్క గిడసబారుతుంది, తరువాత ఎంత సాకినా తేరుకోదు.

ప్రశ్న: కలుపు మందు లేకుండా కలుపును ఎలా ఆపాలి? వరుసల మధ్య ఎంత దూరం ఉంచాలి?

జవాబు: నార పంటలో కలుపును ఆపేది హెంపే. ఒత్తుగా విత్తితే నాలుగు నుంచి ఆరు వారాలలో ఆకులు కలుసుకుని కింద వెలుగు లేకుండా చేస్తాయి. నారకు హెక్టారుకు 50 నుంచి 70 కిలోల విత్తనం, వరుసల మధ్య 10 నుంచి 20 సెంటీమీటర్లు. గింజకైతే 25 నుంచి 30 కిలోలు చాలు. కిలోల లెక్కను గుడ్డిగా నమ్మకండి. వెయ్యి గింజలు లెక్కపెట్టి తూచండి. బరువు 18 గ్రాములు ఉంటే, హెక్టారుకు 60 కిలోలు వేసినప్పుడు చదరపు మీటరుకు 333 గింజలు పడతాయి. వందకు డెబ్బై మొలిచినా 230 మొక్కలకు పైగా నిలుస్తాయి, నారకు అది మంచి సాంద్రత. గింజ చిన్నదైతే కిలోలు తగ్గించాలి, పెద్దదైతే పెంచాలి. రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాటి విత్తనం వేయవద్దు.

విత్తడానికి పది రోజుల ముందు నేల తయారు చేసి, ఒక తడి ఇచ్చి, మొలిచిన మొదటి కలుపును పైపైన గుంటకతో తీసేసి ఆ తరువాత విత్తితే సగం పని తీరుతుంది. గింజ కోసం ఎడంగా వేసిన చేలో మొక్కలు జానెడు ఎత్తు వచ్చాక వరుసల మధ్య ఎండుగడ్డి పరచండి. నీటి విషయంలో మొదటి ఆరు వారాలే కీలకం. పంటకాలం మొత్తానికి 500 నుంచి 700 మిల్లీమీటర్ల తడి కావాలి, అది వానగా వచ్చినా సరే, కాలువగా వచ్చినా సరే.

ప్రశ్న: చేలో దాదాపు సగం మొక్కలు పూత అయ్యాక ఉన్నట్టుండి పసుపుబారి ఎండిపోతున్నాయి. పక్కనే ఉన్నవి మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇది ఎండు తెగులా? ఏ కషాయం పిచికారీ చేయాలి?

జవాబు: ఏ కషాయమూ వద్దు. ఎండిపోతున్నవి మగ మొక్కలు. హెంప్‌లో ఆడ, మగ వేరు వేరు మొక్కలుగా ఉంటాయి. రెండు రకాల పువ్వులూ ఒకే మొక్క మీద పూసే రకాలు తరువాత మనుషులు తయారు చేసుకున్నవి. మగ మొక్క పుప్పొడి రాల్చడంతో దాని పని ముగుస్తుంది, రెండు మూడు వారాలలో ఎండిపోతుంది. ఆడ మొక్క గింజ పండించుకోవడానికి ఇంకా నెల, నెలన్నర నిలబడుతుంది.

పూత విచ్చుకోకముందే రెంటినీ గుర్తు పట్టవచ్చు. పై కణుపుల దగ్గర, ఆకు కాడ కాండాన్ని కలిసే చోట, చిన్న భూతద్దం పెట్టి చూడండి. మగ మొక్కలో ఆవగింజంత గుండ్రటి మొగ్గలు చిన్న కాడలకు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఆడ మొక్కలో మొగ్గకు కాడ ఉండదు. కోసుగా ఉన్న చిన్న తొడుగులోంచి తెల్లటి సన్నని పోగులు రెండు, వి అక్షరంలా బయటకు చూస్తుంటాయి. నాకు ఎన్నేళ్లు చూసినా తనివి తీరని దృశ్యం అది. మగ మొక్క కాస్త పొడుగ్గా, సన్నగా ఉంటుంది, దాని నార మెత్తన. ఐరోపా రైతులు పూర్వం మగ మొక్కలను ముందుగా చేత్తో పీకి, వాటి నారను సన్నటి బట్టకు విడిగా తీసేవారు. దృఢంగా నిలబడిన ఆడ మొక్కలనే మగవని పిలిచిన పొరపాటు వారి భాషలలో శతాబ్దాల పాటు నిలిచిపోయింది.

మీది నార పంట అయితే మగ మొక్కలు పుప్పొడి రాల్చడం మొదలు పెట్టినప్పుడే, అంటే విత్తిన దాదాపు 90 నుంచి 110 రోజుల మధ్య, చేనంతా ఒకేసారి కోసేయాలి. మీరు ఎండేదాకా ఆగారు కాబట్టి నార ముతకబారి ఉంటుంది. ఈ చేనును గింజకు వదిలేయండి. తేనెటీగలు ఆ పుప్పొడి కోసం ఉదయం పూట చేలోకి వస్తుంటాయి, ఆ రోజుల్లో వేపనూనెతో సహా ఏదీ చల్లవద్దు.

ప్రశ్న: హెంప్‌కు పురుగు పట్టదని, తెగులు రాదని చాలా చోట్ల చదివాం. అది నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఆ మాట నమ్మి నష్టపోయినవారి ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి కాబట్టే గట్టిగా చెబుతున్నాను. ఒత్తుగా, సరైన కాలంలో వేసిన నార పంటకు మందు అవసరం పడేది తక్కువ అన్నంతవరకు మాత్రమే అది సరైనది. మొలక దశలో గెంతే చిన్న పెంకు పురుగులు ఆకుకు సూదితో పొడిచినట్టు చిల్లులు పెడతాయి. మొలక వేగంగా ఎదిగే నేల వేడిలో విత్తితే వాటి దెబ్బ తగలకముందే పైరు దాటిపోతుంది. కాండం తొలిచే పురుగు, మొక్కజొన్నను తొలిచే జాతిదే, కాండంలో దూరి పొట్టు బయటకు నెడుతుంది. కోసిన మోళ్లను పొలంలో వదలకుండా చితగ్గొట్టి నేలలో కలిపితే వచ్చే ఏడాది అది తగ్గుతుంది. పేనుబంక కనిపించగానే చల్లడానికి పరుగెత్తకండి, ఆకు తిరగేసి అక్షింతల పురుగులూ, వాటి నల్లటి ముళ్ల పిల్లపురుగులూ ఉన్నాయేమో చూడండి. ఉంటే వారం రోజులు వాటికే వదిలేయండి.

నన్ను ఎక్కువ భయపెట్టేవి రెండు బూజులు. గింజ పంటలో, కంకి బరువెక్కిన వేళ ముసురు పడితే బూడిదరంగు బూజు తెగులు లోపలినుంచి మొదలవుతుంది. పైన ఒకే ఒక్క చిన్న ఆకు ఎండి కనిపిస్తుంది, లాగితే తేలిగ్గా ఊడి వస్తుంది, లోపల దుమ్ములాంటి బూజు లేస్తుంది. దానికి గాలి ఆడే ఎడం, అతిగా నత్రజని వేయకపోవడం తప్ప ముందు జాగ్రత్త లేదు. రెండోది తెల్లబూజు, కాండం చీలిస్తే దూదిలాంటి బూజు మధ్య ఎలుక పెంటికల్లాంటి నల్లటి గట్టి గింజలు కనిపిస్తాయి. అవి నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. పొద్దుతిరుగుడు, ఆవాలు, సోయా, చిక్కుళ్లకు కూడా అదే తెగులు వస్తుంది కాబట్టి ఇది ఒకసారి కనిపించిన నేలలో ఆ పంటల వెనకాల హెంప్ వేయకూడదు; నాలుగేళ్లు ధాన్యపు పంటలతో మార్పిడి చేయాలి. పచ్చిరొట్ట ఎంచుకునేటప్పుడు కూడా ఈ మాట మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: ఇంటి పెరట్లో రెండు మూడు మొక్కలు సరదాగా పెంచుకోవచ్చా? ఎక్కడో దొరికిన గింజ మత్తు లేని రకమో కాదో ఆకు చూసి చెప్పగలరా?

జవాబు: చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఆకు, ఎత్తు, వాసన ఏదీ టీహెచ్‌సీ శాతాన్ని తెలపదు; ప్రయోగశాలలో కొలవాలి. అనుమతి ఉన్న చేలలో కూడా పూత కాలంలో నమూనా తీసి పరీక్షిస్తారు, హద్దు దాటితే పంటను నాశనం చేయవలసి వస్తుంది. ఆ శాతాన్ని ప్రధానంగా నిర్ణయించేది విత్తనపు వంశమే. చాలా దేశాలలో అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే కాబట్టి ఆ గింజను నాటవద్దని స్పష్టంగా చెబుతున్నాను. నార మొక్క మీద ఇష్టంతో పెంచాలనుకుంటే గోగు వేయండి, జనుము వేయండి. విత్తడం, ఊరవేయడం, నార తీయడం అన్నీ వాటితోనే నేర్చుకోవచ్చు.

ప్రశ్న: కోసిన కాడలను చెరువులో ఊరవేయాలా, పొలంలోనే వదలాలా? ఎన్నాళ్లకు నార తయారవుతుంది?

జవాబు: పొలంలోనే వదలండి. కాండంలో నారను పుల్లకు అతికించి ఉంచే జిగురు పెక్టిన్. దాన్ని సూక్ష్మజీవుల చేత తినిపించి, నారను మాత్రం తిననివ్వకుండా సమయానికి ఆపడమే ఊరవేయడంలోని కిటుకు. నీటిలో ముంచితే వారం, రెండు వారాలలో పని అవుతుంది, నార తెల్లగా వస్తుంది, కానీ ఆ నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోయి చేపలు చస్తాయి, కంపు చుట్టుపక్కలంతా కమ్ముతుంది. రసాయనాలు వద్దనుకుని ఈ సాగుకు వచ్చినవారు చెరువును చంపుకోవడం న్యాయం కాదు.

మంచులో ఊరవేయడానికి కోసిన కాడలను నేల మీద పలచగా, ఒకే దిక్కుకు పరవాలి. రాత్రి మంచు తడిపి, పగటి ఎండ ఆరబెడుతూ ఉంటే నేలలోని బూజులు కాడ ఎక్కి జిగురును తింటాయి. వాతావరణాన్ని బట్టి రెండు నుంచి ఐదారు వారాలు పడుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగేయకపోతే పై భాగం ఎండిపోయి, కింది భాగం కుళ్లిపోతుంది. ఆకుపచ్చ కాడ ముందు పసుపు తిరిగి, తరువాత బూడిదరంగుకు వచ్చి, దాని మీద నల్లటి చుక్కలు పడతాయి. ఆ చుక్కలు కనిపించిన రోజు నుంచి ప్రతి ఉదయం నాలుగు చోట్ల నాలుగు కాడలు తీసి పరీక్షించాలి. కాడను మధ్యలో విరిచి, రెండు చేతులా నిదానంగా లాగండి. పుల్ల పుటుక్కున విరిగి, నార రిబ్బనులా తెగకుండా చివరిదాకా విడివడితే తయారైనట్లు. నార పుల్లను వదలక చీలికలుగా వస్తే ఇంకా ఆగాలి. నారే చేతిలో పోగులుగా తెగిపోతుంటే ఆలస్యం చేశారు. అదే రోజు ఎత్తేయండి, మిగిలినంతైనా దక్కుతుంది. తయారైన కాడలు తేమ 15 శాతం లోపుకు ఎండాకే కట్టలు కట్టి కుప్ప వేయాలి.

పొలంలో ఊరవేయడంలో నాకు నచ్చిన మరో విషయం ఉంది. ఈ పంట నేల నుంచి పొటాష్ చాలా లాగుతుంది. మంచు, వాన కాడల మీద పడినప్పుడల్లా అందులో మంచి భాగం కరిగి మళ్లీ అదే నేలలోకి దిగుతుంది, రాలిన ఆకు కూడా అక్కడే ఉంటుంది. కాడలను చెరువుకు మోసుకుపోతే అదంతా నీటిపాలు అవుతుంది.

ప్రశ్న: గింజ ఎప్పుడు కోయాలి? కొంత గింజను వచ్చే ఏడాదికి విత్తనంగా దాచుకోవచ్చా?

జవాబు: కంకిలో వందకు డెబ్బై గింజలు ముదిరి, పైతొడుగు విచ్చుకుని, గింజ బూడిదరంగు మీద గోధుమ చారలతో కనిపించినప్పుడు కోయాలి. అన్నీ పండేదాకా ఆగితే ముందు పండినవి నేల రాలతాయి, మిగిలినవి పిట్టలు తింటాయి. నూర్చిన గింజను ఆ పూటే పలచగా ఆరబోయడం అన్నిటికన్నా ముఖ్యం. నేను మొదటిసారి గింజ తీసిన ఏడు, చీకటి పడిందని గోనెసంచులలో కట్టి తెల్లవారి చూద్దామని వదిలేశాను. పొద్దున సంచిలో చేయి పెడితే అన్నం కుండలో పెట్టినట్టు వేడి తగిలింది, నూనె చెడిన వాసన వచ్చింది. ఆ గింజ తినడానికీ, మొలకకూ పనికి రాలేదు. గింజలో నూనె మూడో వంతు వరకు ఉంటుంది కాబట్టి తడి మీద ఉంటే అంత త్వరగా పాడవుతుంది. 40 డిగ్రీలకు మించని వేడిలో ఆరబెట్టి, తేమ 8, 9 శాతానికి తెచ్చి చల్లటి చోట నిల్వ చేయండి.

విత్తనంగా దాచుకోవడాన్ని మాత్రం నేను ప్రోత్సహించను. గాలికి పుప్పొడి కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తుంది, ఏ చేనుతో కలిసిందో మనకు తెలియదు, రెండు మూడు తరాలలో రకం గుణం మారిపోతుంది. చాలా చోట్ల ధ్రువీకరించిన విత్తనమే వాడాలన్న నిబంధన కూడా ఉంది. కాలుష్యం ఉన్న నేలలో హెంప్ వేసి నేలను బాగు చేసుకోవాలని ఇద్దరు రాశారు. ఈ మొక్క కాడ్మియం వంటి లోహాలను నేల నుంచి పీల్చుకోవడం నిజమే, అందువల్లే అలాంటి చేలో పండిన గింజను మనుషులు గానీ పశువులు గానీ తినకూడదు.

ప్రశ్న: కాడలు ఎత్తేశాక తరువాతి కాలానికి నేలను ఖాళీగా వదలాలా?

జవాబు: వదలకండి. హెంప్ దిగిన నేల వదులుగా, కలుపు లేకుండా ఉంటుంది, ఆ మేలును అందుకోవడానికి ధాన్యపు పంటే సరైనది. మోళ్లను నేలలో కలిపిన పది, పదిహేను రోజులలో దాన్ని విత్తండి. మళ్లీ హెంప్ వేయదలచిన ఏడు, విత్తవలసిన తేదీని ముందు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దాని నుంచి మూడు వారాలు వెనక్కి లెక్కపెడితే పచ్చిరొట్ట కోసి కలపవలసిన రోజు వస్తుంది, అక్కడి నుంచి మరో ఏడెనిమిది వారాలు వెనక్కి వెళితే ఆ రొట్ట విత్తవలసిన రోజు తెలుస్తుంది. ధాన్యం అప్పటికి కోతకు వచ్చేలా రకం ఎంచుకోవాలి.